లిండెన్‌బర్గ్ బీరు హోటల్లో డాక్టరమ్మ వీడ్కోలు

విస్కాన్సిన్ వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచి మావాళ్ళందరూ సరస్సులు చూశారా, జున్ను కొన్నారా అని అడుగుతున్నారు. సరస్సులు దారిలో కనిపించాయి. జున్ను కొన్నాం, బాగుంది. అయితే మేము వెళ్ళింది వాటికోసం కాదు. మా సుగుణనూ, ఆమె సామాన్నీ అరోరాకు తెచ్చుకుందామని వెళ్ళాం. ఆ రెండు మూడు రోజుల్లో ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం ఒక బీరు హోటల్లో. ఈ మాట మా అత్తగారి చెవిన పడినా ఫరవాలేదు, జరిగింది జరిగినట్టే రాస్తాను.

సుగుణా నేనూ గుంటూరులో ఒకే లేడీస్ హాస్టల్లో ఉండేవాళ్ళం. తను మెడిసిన్, నేను బి.ఎస్‌సి. నేను పెళ్ళి చేసుకుని షికాగో పక్కన అరోరాకు వచ్చాను. తను పెళ్ళి చేసుకోకుండానే డాక్టరుగా వచ్చింది. డాక్టరు లేని పల్లెకు వెళితే వీసా సుళువవుతుందని ఎవరో చెప్పారట. అలా విస్కాన్సిన్‌లో ఒక జర్మన్ల ఊళ్ళో ఆరేళ్ళుగా ఒక్కతే డాక్టరు. ఆ ఊరిని ఇక్కడ లిండెన్‌బర్గ్ అంటాను. అసలు పేరు రాస్తే సుగుణ నాతో మాట్లాడదు.

రెండేళ్ళుగా ఫోనులో దాని ప్రాణం తీశాను. ఇక్కడ గుడి వచ్చింది, బెండకాయలు దొరుకుతున్నాయి, వారం వారం ఎవరో ఒకరింట్లో భోజనాలు, ఆ మంచులో నీకేం పని అని. చివరికి మా ఊరి ఆసుపత్రిలో దానికి ఉద్యోగం కుదిరింది. మా ఇంటికి రెండు వీధుల అవతల అపార్ట్‌మెంటు చూసి, పాలు పొంగించడానికి గిన్నె కూడా పెట్టి వచ్చాను. ఎందుకంత తొందరంటే, తొమ్మిదేళ్ళలో అరోరాలో నాకు పరిచయాలు బోలెడయ్యాయి కానీ, తలుపు తోసుకుని లోపలికొచ్చి 'ఏమే రాజ్యం, మొహం అలా ఉందేం?' అని అడిగే మనిషి ఒక్కరూ లేరు.

పూలబుట్ట

అద్దె ట్రక్కు మా వారు నడిపారు. ఆయన ఇంజనీరు. వంతెనల లెక్కలు వేస్తారు గానీ, తను నడిపే బండి ఎత్తెంతో వేసుకోలేదు. మొక్కజొన్న చేలు, ఎర్రటి పశువుల కొట్టాలు, మళ్ళీ మొక్కజొన్న చేలు దాటుకుంటూ మధ్యాహ్నానికి లిండెన్‌బర్గ్ చేరాం. ఒకటే వీధి. రెండు చర్చీలు, ఒక బ్యాంకు, ఒక కిరాణా కొట్టు. బోర్డుల మీద పేర్లన్నీ నాలుక తిరగనివే.

పెట్రోలు బంకులో ముసలాయన మా ముఖాలు చూడగానే, "డాక్టరు స్నేహితులా? పన్నెండుకల్లా వస్తారన్నారే. మీరు మాంసం తినరట కదా, రేపటి విందుకు ఎర్నా మీకోసం విడిగా వండబోతోంది," అన్నాడు. ఎర్నా ఎవరో అప్పటికి మాకు తెలియదు.

తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. సుగుణ ఇంటికి వెళ్ళాలంటే బీరు హోటలు పక్క సందులోంచి తిరగాలి. మా వారు తిప్పారు. పైన ధడేల్‌మని చప్పుడైంది. హోటలు చూరుకు వేలాడదీసిన పూలబుట్ట, దాని గొలుసు, గొలుసు బిగించిన చెక్కముక్క, అన్నీ కలిసి మా ముందు అద్దం మీద పడ్డాయి. మట్టి, ఎర్రపూలు తప్ప ఎదర ఏమీ కనిపించలేదు.

లోపలినుంచి పీపాలాంటి మనిషి ఏప్రన్‌తో బయటికొచ్చాడు. మా వారు కిందికి దిగి పదిసార్లు సారీ చెప్పారు. ఆయన పూలబుట్టను చూసి, ట్రక్కును చూసి, "ఆరేళ్ళుగా ఆ బుట్ట నా తలకి తగులుతోంది. మా ఆవిడ తీయనివ్వలేదు. థాంక్యూ," అని చెయ్యి ఊపి ఊపి కలిపాడు. ఆయనే హోటలు యజమాని వాల్టర్. వెనకే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డావిడ ఎర్నా. ఆవిడ మాత్రం నవ్వలేదు. మట్టిలోంచి పూలమొక్కలు ఏరుకుని, మమ్మల్ని మర్నాటి విందు భోజనానికి రమ్మంది.

అరటిపళ్ళ రహస్యం

సుగుణ ఇంట్లో అన్నీ అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. కుర్చీలు లేక నేలమీద కూర్చుని నేను తెచ్చిన పులిహోర తిన్నాం. సుగుణ మాట్లాడుతూనే ఉంది. ఆరేళ్ళ తెలుగు ఒక్కసారి బయటికొస్తోందనిపించింది.

"ఈ ఊళ్ళో నేను అరటిపళ్ళు కొంటే చాలే రాజ్యం, సాయంత్రానికల్లా 'డాక్టర్, కడుపు బాగాలేదా?' అని ముగ్గురు ఫోన్ చేస్తారు. లైట్ లేటుగా ఆఫ్ చేస్తే పాస్టర్ గారు అడుగుతారు. ఇక ఆ బీరు హోటలుకి వెళ్ళానో, అంతే. ఒకడు చొక్కా పైకెత్తి బొల్లి చూపిస్తాడు, ఒకావిడ పళ్ళసెట్టు తీసి చేతిలో పెడుతుంది. వేడి వేడిగా ఒక కప్పు కాఫీ తాగి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

"అందుకే కదే వచ్చేస్తున్నావు," అన్నాను.

"అందుకే," అంది.

మర్నాడు పొద్దున్నే ఎనిమిది మంది మగవాళ్ళు పనిబట్టలతో వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. బల్లలూ, మంచమూ, పుస్తకాల పెట్టెలూ కిందపెట్టకుండా మోసి, కాఫీ వేళకల్లా ట్రక్కు నింపేశారు. పనిలో ఒక్క మాట లేదు. అయిపోయాక టోపీలు తీసి తలలూపి వెళ్ళిపోయారు.

సుగుణ ఖాళీ గదిలో నిలబడి, "చూశావా? ఆరేళ్ళు చూశాను వీళ్ళని. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు 'ఉండిపోండి డాక్టర్' అన్నాడా?" అంది.

"అంటే ఉంటావా?"

"ఉండను. అయినా అనొచ్చుగా!"

మా వారు నవ్వబోయి, దాని ముఖం చూసి ఆగిపోయారు.

రాగి కాగులు

వీడ్కోలు విందు శనివారం మధ్యాహ్నం ఆ బీరు హోటల్లోనే. అది మొదలవ్వకముందే వాల్టర్ మమ్మల్ని వెనక వంటశాలలోకి తీసుకెళ్ళాడు. తను వండిన బీరు అక్కడే అమ్ముకోవడానికి చాలా ఏళ్ళు చట్టం ఒప్పుకోలేదట. ఈమధ్యే ఒప్పుకున్నారట. ఆయన తాత కాలం నాటి రాగి కాగులను కొట్టంలోంచి బయటికి లాగి, తోమించి, మళ్ళీ పొయ్యెక్కించాడు. మన పెళ్ళిళ్ళలో నీళ్ళు కాచే కాగులుంటాయే, అలాంటివి పది కలిపి ఒకటి చేసినట్టుంది ఒక్కోటీ. మన రాగులు మొలకెత్తించినట్టే బార్లీ మొలకెత్తించి, వేయించి, మర పట్టి ఉడికిస్తారు. ఆ ఆవిరి పీల్చగానే నాకు చిన్నప్పటి జావ గుర్తొచ్చింది. ఆ తర్వాత హాప్స్ అని ఒక తీగకు కాసే పచ్చటి పువ్వులు వేస్తారు. నలిపి నాలిక్కి రాసుకోమన్నాడు. రాసుకున్నాను. ఉగాది రోజు పచ్చడి కలిపేవాళ్ళు బెల్లం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఉడికాక మిగిలిన పిప్పి ఏంచేస్తారని అడిగితే, గుమ్మంలో నిలబడ్డ ఒక పొడుగాటి రైతును చూపించాడు. రోజూ వచ్చి ఆవులకు తీసుకెళతాడట. మన వైపు తవుడూ తెలకపిండీ పెట్టినట్టన్నమాట. అతని పేరు ఆట్టో. మా వారికి ఇంక పట్టపగ్గాల్లేవు. "మా దేశంలో ఆటో అంటే మూడు చక్రాల బండి," అని చెప్పారు.

ఆట్టో చాలాసేపు ఆలోచించి, "ఎంతమంది పడతారు?" అని అడిగాడు.

"ముగ్గురు. కానీ ఆరుగురు ఎక్కుతారు."

"మా ఇల్లూ అంతే," అన్నాడు నవ్వకుండా. ఎడమచేత్తో పిప్పి బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరుకు సెలవు

మన వైపు బీరు షాపంటే పరదా, ఆ పరదా వెనక మగవాళ్ళు, దాన్ని చూడకుండా తల తిప్పుకుని నడిచే ఆడవాళ్ళు. ఇక్కడ పాస్టరు గారు పేకాడుతున్నారు. ముసలమ్మలు స్వెట్టర్లు అల్లుతున్నారు. పిల్లలు బల్లల కింద పాకుతున్నారు. మూల ఒకాయన మన హార్మోనియంలాంటి అకార్డియన్‌ను మెడకు తగిలించుకుని వాయిస్తుంటే, మా నాన్న వయసు జంట ఒకటి కాళ్ళు టకటకలాడిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. మా వారు ఒక గ్లాసు నల్లబీరు తీసుకున్నారు. నాకూ సుగుణకూ రూట్ బీరని మత్తులేని పానీయం ఇచ్చారు. పిల్లలు దాన్ని ఆబగా తాగుతున్నారు గానీ, నాకు కీళ్ళనొప్పుల తైలం వాసనొచ్చింది.

తిండి మాత్రం చెప్పుకోవాలి. ఎర్నా మాకోసం పంది కొవ్వు తగలని కొత్త పెనం కొన్నది. దాని మీద బంగాళాదుంప తురిమి అట్లు వేసి, పక్కన ఆపిల్ గుజ్జు పెట్టింది. మా వారు సంచిలోంచి మా నిమ్మకాయ ఊరగాయ తీసి నంజుకున్నారు. అది చూసి పక్క బల్లవాళ్ళూ అడిగారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, మళ్ళీ అడిగారు. పులియబెట్టిన క్యాబేజీ నాకు నచ్చింది. ప్రెట్జెల్ అని అరచేయంత మెలిక తిరిగినది ఇచ్చారు. చూడటానికి మన జంతికే. కొరికితే బన్ను. ఇంత తిండి, దాంతో పాటు గ్లాసు బీరు, అన్నీ కలిపి అరోరాలో సినిమా టిక్కెట్టు ధరకే వస్తాయి.

అందరూ కూర్చున్నాక వాల్టర్ గంట కొట్టాడు.

"ఒక మాట. ఈరోజు డాక్టరు మన అతిథి. ఎవరూ ఏమీ చూపించకూడదు. మోకాళ్ళు లేవు, మొటిమలు లేవు, పళ్ళు అసలే లేవు. ఎవరైనా నోరెత్తితే వాళ్ళకు బీరు లేదు."

అందరూ బల్లలు చరిచారు. ఆ తర్వాత చూడాలి ఆ జనాన్ని! ఒకావిడ మెడ పట్టుకుని సుగుణ వైపు వచ్చి, గుర్తొచ్చి, జుట్టు సర్దుకున్నట్టు నటించి వెనక్కి తిరిగింది. ఇంకొకాయన ఎదర కూర్చుని వాతావరణం గురించే మూడుసార్లు మాట్లాడాడు. సుగుణ ఎర్నా తెచ్చిన కాఫీని వేడిగా, చివరిదాకా తాగింది. నాకు లోలోపల పండగలా ఉంది. ఇంకొక్క రాత్రి, ఆ తర్వాత సుగుణ నా పక్క వీధిలో ఉంటుంది అనుకుంటున్నాను.

అప్పుడు సుగుణ మాట మధ్యలో ఆగిపోయింది.

ఆట్టో కుడిచెయ్యి

తను చూస్తున్నది గదికి ఆ చివర గోడపక్క బల్లను. ఆట్టో అక్కడ ఒక్కడే కూర్చున్నాడు. ఆ వేడిలో పొడుగుచేతుల చొక్కా, గుండీలు మణికట్టుదాకా పెట్టుకున్నాడు. గ్లాసు ఎడమచేత్తో ఎత్తుతున్నాడు. కుడిచెయ్యి బల్లకింద ఉంది. ముఖం తడితడిగా ఉంది.

నాకు ఇవన్నీ తర్వాత సుగుణ చెబితే తెలిశాయి. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే. సుగుణ లేచి, నాట్యం చేస్తున్న జంటల మధ్యనుంచి తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి, ఆట్టో ముందు నిలబడి చెయ్యి చాపింది.

"చూపించు."

"రూలుంది డాక్టర్," అన్నాడు ఆట్టో.

"నీకు రూలు. నాకు లేదు. చూపించు."

చొక్కా చెయ్యి పైకి లాగేసరికి అకార్డియన్ ఆగిపోయింది. బొటనవేలు దగ్గర ఇనప కంచె గీసుకున్న చిన్న గాయం. చెయ్యంతా ఉబ్బి ఉంది. అక్కడినుంచి మోచేతిమీదుగా చంకదాకా ఎర్రటి గీత, ఎవరో సిరాతో గీసినట్టు. నేను డాక్టరును కాను. అయినా అది మామూలు గాయం కాదని నాకూ తెలిసింది.

"ఎన్నాళ్ళయింది?"

"గురువారం. మీరు వెళ్ళిపోతున్నారు కదా, ఇబ్బంది ఎందుకని."

సుగుణ గుమ్మం వైపు తిరిగింది. "వాల్టర్, కారు," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చి, అక్కడినుంచి జిల్లా ఆసుపత్రికి తనే వెంట వెళ్ళింది. చేతిసంచి మా బల్లమీదే మరిచిపోయింది.

సాయంత్రం దాకా మేము అక్కడే కూర్చున్నాం. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఎర్నా నా పక్కన కూర్చుని ప్రెట్జెల్ ముక్కలు ముక్కలుగా తుంచుతోంది.

"మీరెవరూ ఆమెను ఉండిపొమ్మని అనలేదేం?" అని అడిగేశాను. అడగకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది.

ఎర్నా తలెత్తింది. "ఈమెకు ముందున్న డాక్టరును బతిమాలాం. మొహమాటానికి ఉన్నాడు. రెండేళ్ళు ఎవరితోనూ నవ్వలేదు. ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఈమెకు అలా చేయకూడదని చర్చిలో అందరం అనుకున్నాం. అడిగితే జాలిపడి ఉండిపోతుంది. ఆమెకు మంచి మనసు. అందుకే అడగలేదు." తుంచిన ముక్కలు పక్కకు తోసి, "కొత్త డాక్టరు కోసం పేపర్లో వేశాం. ఎవరూ రాయలేదు. ఆ మాట ఆమెకు చెప్పకండి," అంది.

చీకటి పడకముందే ఆసుపత్రినుంచి వాల్టర్ ఫోను చేశాడు. చెయ్యి దక్కుతుందన్నారట. ఆ రాత్రి గడిస్తే రక్తంలోకి పాకేదట. ఎర్నా లేచి వెళ్ళి అందరికీ బీరు పోసింది. డబ్బు ఎవరినీ అడగలేదు.

పొద్దున కాఫీ

సుగుణ తిరిగొచ్చేసరికి మేము నిద్రపోయాం. ఆదివారం పొద్దున లేచి చూస్తే సుగుణ ఖాళీ వంటింట్లో గట్టుమీద కాఫీ కప్పుతో కూర్చుని ఉంది.

ఎర్నా చెప్పొద్దంది. చెప్పకపోతే సుగుణ ట్రక్కెక్కుతుంది, ఇంకో గంటలో నాదవుతుంది. మా వారు ముందురోజే, "చెప్తావా?" అని అడిగారు. "ఏమో," అన్నాను. నిజంగానే ఏమో. రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. కానీ దాని ముఖం చూశాక, దానికి తెలియని సంగతి ఒకటి నా దగ్గర పెట్టుకుని, దాని పక్కన కూర్చుని ఆ దూరమంతా ప్రయాణం చేయడం నావల్ల కాదనిపించింది. అంతా చెప్పేశాను.

సుగుణ కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"నిన్న లేచానే, నేను లేచానని నాకే తెలీదు రాజ్యం. వాడి ముందు నిలబడ్డాక తెలిసింది. మీ హాస్పిటల్‌లో నేను లేవకపోతే ఇంకొకళ్ళు లేస్తారు. మంచి డాక్టర్లున్నారు. ఇక్కడ..."

"ఇక్కడ నీకు మాట్లాడటానికి మనిషి లేదు. నువ్వే అన్నావు."

"అన్నాను. నిజమే. ఇప్పుడూ అంటాను."

"మరి?"

గట్టుమీంచి దిగింది. "నీకు కోపమొస్తుందే."

"వస్తుంది," అన్నాను. వచ్చింది కూడా. ముక్కు చీదుకుంటూ, "నీకోసం కర్టెన్లు కూడా కుట్టాను, తెలుసా?" అన్నాను. సుగుణ నన్ను గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కాసేపు అలాగే ఉండిపోయాం. మా వారు లోపలికి రాబోయి, మమ్మల్ని చూసి, చల్లగా బయటికి వెళ్ళి ట్రక్కు తలుపులు తెరిచారు.

ఎలా తెలిసిందో మరి. చర్చి వదలగానే ఆ ఎనిమిది మందీ ఆదివారం సూట్లతోనే వచ్చేశారు. ట్రక్కులోంచి సామాను మళ్ళీ ఇంట్లోకి చేరుస్తూ ఈసారి ఒకటే మాటలు, నవ్వులు. మంచం మోస్తూ పాడినవాడు ఒకడు, పుస్తకాల పెట్టె జారవిడిచినవాడు ఇంకొకడు. వాల్టర్ బల్ల మోస్తూ ఏడుస్తున్నాడు, ఏడుపు కాదు చెమట అంటున్నాడు. సుగుణ గుమ్మంలో నిలబడి, "ఇకనుంచి శనివారాలు నాకు సెలవు. చావుబతుకుల్లో ఉంటే తప్ప ఎవరూ చొక్కాలు ఎత్తకూడదు," అని అందరికీ వినిపించేలా చెప్పింది. "యెస్, డాక్టర్," అన్నారు ముక్తకంఠంతో, మన బడిపిల్లల్లా.

అరోరా

ఖాళీ ట్రక్కు తిరుగుదారిలో డబడబలాడింది. ఇలినాయ్‌లోకి వచ్చాం. అప్పుడు మా వారు, "నువ్వు చెప్పకుండా ఉండాల్సింది," అన్నారు. "అవును," అన్నాను. ఆయన నా చెయ్యి నొక్కి వదిలారు. ఆసుపత్రివాళ్ళకు సుగుణే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకుంది. అపార్ట్‌మెంటు తాళాలు నేను తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు చలికాలం. పోయిన ఆదివారం సుగుణ ఫోను చేసింది. మంచు తలుపుకు అడ్డంగా పడిందట. జలుబు చేసిందట. ఆవకాయ అయిపోయిందట. "ఎందుకుండిపోయానే రాజ్యం? బుద్ధి లేక. నువ్వైనా లాక్కెళ్ళకపోయావా?" అని ఏడ్చింది. నేను ఓదార్చలేదు. "ఇప్పుడు రా, కర్టెన్లు అలాగే ఉన్నాయి," అన్నాను.

అవతల ఎవరో తలుపు కొట్టారు. "ఉండవే, ఒక్క నిమిషం," అని రిసీవరు పక్కన పెట్టి వెళ్ళింది. బూట్ల మంచు దులుపుకుంటున్న చప్పుడు. ఎవరిదో ఆడగొంతు, ఆ జర్మన్ యాస. ఏదో గిన్నె బల్లమీద పెట్టారు. తర్వాత ఇంకో మాట, ఆ వెంటనే సుగుణ పకపకా నవ్వింది. హాస్టల్లో ఏ నవ్వు భరించలేక పక్క గదివాళ్ళు గోడ కొట్టేవారో, ఆ నవ్వు.

చాలాసేపటి వరకూ తను ఫోను దగ్గరకు రాలేదు. నేను పెట్టెయ్యలేదు. అలాగే వింటూ కూర్చున్నాను.